తెల్లారితేనే మంగళవారం

"ఇంక ఆపేస్తాను వదినా. ఒక్క నక్షత్రానికి రెండు గుట్టలేమిటయ్యా అని గైడుగారు నవ్వారు. రేపటికి తేల్చకపోతే ఈ పని వదిలేయమన్నారు." భానుమూర్తి గ్రాఫు కాగితాన్ని భోజనాల బల్ల మీద పడేశాడు.

నాగేశ్వరి చెయ్యి తుడుచుకుని కూర్చుంది. అది ఎనభై తొమ్మిదో సంవత్సరం. దిల్‌సుఖ్‌నగర్‌లో వాళ్ల కాలనీకి ఇంకా రోడ్డు పడలేదు. ఎటు చూసినా ఇసుక కుప్పలు, పునాదులు. లెక్కల్లో ఫస్టుక్లాసు తెచ్చుకున్న ఆవిడే మరిది రీసెర్చికి గ్రాఫులు గీసిపెట్టేది.

భానుమూర్తి చూస్తున్నది ఒక పల్సార్‌కు తోడుగా ఉన్న చిన్న నక్షత్రాన్ని. పల్సార్ అంటే చచ్చిన నక్షత్రంలో మిగిలిన ముద్ద; సెకనుకు వందలసార్లు గిర్రున తిరుగుతుంది, కంటికి కనబడదు. తోడు నక్షత్రం దాని చుట్టూ తొమ్మిది గంటలకోసారి తిరిగొస్తుంది. పల్సార్ వైపున్న ముఖం కాగి మెరుస్తుంది, వీపు మసకగా ఉంటుంది. అన్ని రాత్రుల కొలతలనూ ఒకే తొమ్మిది గంటల గీత మీద పేరిస్తే, వెలుగు ఒక్కసారి గుట్టలా లేచి ఒక్కసారి దిగాలి. ఇక్కడ రెండుసార్లు లేచింది.

ఆవిడ అర్ధరాత్రికి ముందు కొలతలను నీలం పెన్సిలుతో, తర్వాతవాటిని ఎర్ర పెన్సిలుతో మళ్లీ గుర్తించింది. నీలం గుట్ట ఒకటి, ఎర్ర గుట్ట ఒకటి, అచ్చం కవలల్లా పక్కపక్కనే లేచాయి.

"తప్పు నక్షత్రంలో లేదు భానూ. తేదీలు వేసేదెవరు?"

"అబ్జర్వేటరీ అటెండరు మట్టయ్య, కొలతల పుస్తకంలో. నేను టెలిస్కోపు వదిలి రాలేను కదా."

నాగేశ్వరికి కూతురు పుట్టినప్పటి గొడవ గుర్తొచ్చింది. రాత్రి ఒంటిగంటకు పుట్టిన పిల్లకు ఆసుపత్రి కాగితంలో మంగళవారం, అత్తగారి లెక్కలో సోమవారం.

ఇద్దరూ బస్సెక్కి ఎల్‌బీ నగర్‌లో మట్టయ్య ఇంటికి వెళ్లారు. అబ్జర్వేటరీలో రాత్రి డ్యూటీ చేసొచ్చిన మట్టయ్య నిద్రమొహంతోనే బయటికొచ్చాడు.

"మట్టయ్యా, సోమవారం రాత్రి రెండు గంటలకు పుస్తకంలో ఏ తేదీ వేస్తావు?"

"సోమారం తేదీనే అమ్మా. ఏంది గట్ల అడుగుతున్నరు? తెల్లారితేనే గద మంగళారం!"

భానుమూర్తి తల పట్టుకున్నాడు. "అర్ధరాత్రికే తేదీ మారుతుంది మట్టయ్యా!"

"కోడి కూయకముందే ఎట్ల మారుతది సారూ?"

నాగేశ్వరి నవ్వుతూ అరుగు మీదే కాగితం పరిచింది. ఒక్కో ఎర్ర చుక్కకు ఒక రోజు కలుపుతూ కొత్త చోట పెట్టసాగింది. ఇరవై నాలుగు గంటలంటే రెండు తొమ్మిదులు పోను ఆరు మిగులు, కాబట్టి ప్రతి చుక్కా గీత మీద ఆరు గంటలు జరిగింది. నాలుగు చుక్కలు నీలం గుట్ట మీద వాలగానే భానుమూర్తి ఎగిరి గంతేశాడు. "చాలు వదినా, తెలిసిపోయింది!"

ఆవిడ వినలేదు. అరవై ఒక్క చుక్కలూ పెట్టాకే తలెత్తింది. ఒకటే గుట్ట!

మరునాడు భానుమూర్తి పాలకోవా పొట్లంతో వచ్చాడు. "అచ్చుకు పంపమన్నారు వదినా! గ్రాఫు కింద నీ పేరు వేయాలట."

ఆవిడ పెన్ను అందుకుని రాసింది: 'నాగేశ్వరి, బి.ఎస్సీ.' డిగ్రీ చేతికొచ్చిన పదకొండేళ్లకు, పేరు పక్కన ఆ అక్షరాలు రాసుకోవడం అదే మొదలు.