వేళ్లకు తెలిసిన మాట

గోపాలరావు కంప్యూటర్లో తాళం మాట, అదే పాస్‌వర్డ్, మళ్లీ కొట్టాడు. మళ్లీ తప్పనే వచ్చింది. ఉదయం నుంచి ఇది తొమ్మిదోసారి.

ఆయన ముందు తెరిచి ఉన్నది కంప్యూటర్లను ఒకదానితో ఒకటి ఎలా కలపాలో తెర మీదే నేర్పే సాఫ్ట్‌వేర్. అందులో పరీక్ష ఫైలు తయారుచేసింది ల్యాబ్ మాస్టరైన ఆయనే, పిల్లలు లోపలి జవాబులు చూడకుండా తాళం వేసిందీ ఆయనే. పదకొండింటికి బయటి నుంచి పరీక్షాధికారి వస్తాడు. ఈలోగా దాన్ని తెరిచి ఈసారి పరీక్షకు తగ్గట్టు అంకెలు మార్చకపోతే ముప్పై రెండు మందికి పరీక్ష మళ్లీ ఆర్నెల్లకే. ఆ మాటేమో ఎక్కడా రాసుకోలేదు మహానుభావుడు. పంతొమ్మిదేళ్లుగా వేళ్లకే వదిలేశాడు.

ఉప్పల్లో అద్దె గది, నాచారంలో ఈ కాలేజీ, మధ్యలో బస్సు. ఆయన బతుకంతా అంతే. ఏ పెళ్లిలోనూ ముందు వరసలో కూర్చున్నవాడు కాదు, ఎవరి మీదా గొంతు లేపినవాడు కాదు. ఇవాళ బస్సులో కండక్టరుకు నాచారం అని చెప్పబోతే నోట్లోంచి మాట రాలేదు. వేలితో ముందుకు చూపించాడు.

ల్యాబ్ ఊడుస్తున్న రాణి చీపురు ఆపి ఆయన మొహంలోకి చూసింది.

"సారూ, మీ మూతి జర పక్కకు పోయినట్టుంది. దవాఖానకు పోదాం పాండ్రి."

"ఐదు నిమిషాలు ఆగమ్మా." ఆ ముక్క కూడా ముద్దముద్దగా వచ్చింది.

రాణి గబగబా వెళ్లి వాచ్‌మన్ చేత అంబులెన్సుకు ఫోను చేయించి వచ్చింది. ఆయన కళ్లు మూసుకుని రెండు చేతులూ కీబోర్డు మీద పెట్టి ఉన్నాడు. ఎడమ వేళ్లు తమ వంతు అక్షరాలు టకటకా కొట్టేశాయి. కుడి వేళ్లు, ఎవరివో అన్నట్టు, పడున్నాయి. సగం మాటే పడింది.

"అది కొట్టేటప్పుడు మీరు లోపల్లోపల ఏదో పొట్టు అంటరు గద సారూ. మీ ఆంధ్రోళ్లు బర్రెలకేసే పొట్టు గూడ తింటరా ఏందని నవ్వుకుంట నేను."

గోపాలరావుకు ఒక పక్కే నవ్వు వచ్చింది. పనసపొట్టు. అమ్మ ఆవ పెట్టి వండే కూర. ఆ మాటను ఇంగ్లీషు అక్షరాల్లో, ఎడం చేత్తో ఒక్కొక్కటే వెతుక్కుంటూ కొట్టాడు. ఫైలు తెరుచుకుంది. అంకెలు మార్చాడు. తర్వాత తాళం మాటను చెరిపేసి, అక్కడ ఏమీ పెట్టకుండానే సేవ్ చేశాడు. పంతొమ్మిదేళ్లలో ఆ పని ఎన్నడూ చెయ్యలేదు. చూస్తున్న రాణి చీపురు అక్కడే పడేసి ఆయన పక్కకు వచ్చింది.

"ఇగ పోదాం సారూ."

ఆయన లేచాడు గానీ కుడికాలు లేవలేదు. రాణీ వాచ్‌మనూ చెరో రెక్కా పట్టి, వరండా వెంట ఈడ్చినట్టే నడిపించి అంబులెన్సు ఎక్కించారు. కూత పెడుతూ వెళ్లిన బండి చౌరస్తా దాటకముందే నోరు మూసుకుంది. ఇక తొందరేం లేదన్నట్టు మెల్లగా మలుపు తిరిగింది. గేటు దగ్గర రాణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

పదకొండింటికి పరీక్ష మొదలైంది. వరండాలో, జారిపోయిన సంగతి ఆయనకు తెలియనే తెలియని కుడికాలి చెప్పు, మడమ ఒక పక్కకే అరిగి, బోర్లా పడి ఉంది.