లోడుతో ఆగని లారీ

పెళ్ళి నిలిచి ఉండగా పుట్టిన బిడ్డకు ఆ భర్తే తండ్రి అంటుంది చట్టం. కాదనాలంటే, ఆ రోజుల్లో భార్యాభర్తలు కలుసుకునే వీలే లేదని అతనే రుజువు చేయాలి. లాయరమ్మ దగ్గర గుమాస్తాగా ఇరవై ఏళ్ళు టైపు చేసి చేసి ఈ ముక్క నాకు కంఠతా వచ్చింది. ఇంత మంచి చట్టానికి అడ్డం పడటానికి ఓ లారీ డ్రైవరు ట్రిప్పు షీట్లు పట్టుకుని వచ్చాడు.

అతని భార్య మా క్లయింటు. ఆరు నెలల కూతురికి భరణం అడిగింది. బిడ్డ నాది కాదన్నాడు మహానుభావుడు. నిజానికి ఆ మాట అతనిది కాదు, అక్కగారిది. పురిటికి వెళ్ళి తిరిగి రాని మరదలి మీద కోపంతో ఆవిడ వేళ్ళ మీద నెలలు లెక్కపెట్టి, "ఆ నెలంతా నువ్వు లోడు మీదే ఉన్నావు కదరా?" అంది. అక్క గీసిన గీత దాటని తమ్ముడు గంగిరెద్దులా తలాడించాడు.

ట్రిప్పు షీట్లు మాత్రం గట్టివి. ఆ నెలలో ఒక ట్రిప్పు వెనక ఇంకొకటి, ఒక్క రోజు ఖాళీ లేదు. అవి నిలబడితే ఆ పసిదానికి భరణమే కాదు, తండ్రీ ఉండడు. నాకైతే వాటిని చింపి పొయ్యిలో పెట్టాలనిపించింది.

సాక్ష్యానికి లారీ ఓనరు వచ్చాడు. మీసం దువ్వుకుని, "నా లారీ లోడుతో దారిలో ఆగదండీ. ఆపినవాణ్ణి ఆ రోజే దింపేస్తా. ఇతను పదేళ్ళలో ఒక్కసారి కూడా ఆపలేదు" అన్నాడు.

నేను డ్రైవరు మొహం చూశాను. తేలు కుట్టిన దొంగలా ఉన్నాడు. లాయరమ్మ కూడా చూసినట్టుంది. అతను బోనెక్కగానే అసలు సంగతికే వచ్చింది.

"లోడుతో వెళ్ళే దారిలో మీ ఇల్లు తగులుతుందా?"

"తగులుతుందండీ."

"ఆగేవారా?"

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. అవునంటే ఉద్యోగం పోతుంది, కాదంటే కూతురు పోతుంది. అక్కగారు వెనక బెంచీ మీంచి కళ్ళురిమింది. అతను మాత్రం భార్య ఒళ్ళో ఉన్న పిల్లనే చూస్తున్నాడు.

"ఆగేవాణ్ణి. ప్రతి ట్రిప్పుకీ ఆగేవాణ్ణి" అన్నాడు.

ఓనరు లేచి నిలబడ్డాడు.

"ఎంతసేపు?" అని జడ్జిగారు అడిగారు.

"అన్నం తినేంతసేపు సార్."

"తిన్నాక?"

"పొద్దున్నే కాఫీ తాగి బయల్దేరేవాణ్ణి."

కోర్టంతా నవ్వింది. జడ్జిగారు నవ్వు దాచుకోవడానికి పెన్ను మూత వెతుక్కున్నారు. తర్వాత భరణం ఆర్డరు రాయించారు.

హాలు బయటికి రాగానే ఓనరు చెయ్యి చాచాడు. డ్రైవరు జేబులోంచి లారీ తాళాలు తీసి ఇచ్చేశాడు. అప్పటిదాకా అతని మీద నాకున్న కోపం ఎటు పోయిందో తెలియదు.

"ఇప్పుడు భరణం ఎక్కణ్ణుంచి తెస్తాడమ్మా?" ఉండబట్టలేక అతని భార్యను అడిగాను.

"లోకంలో ఆ ఒక్క లారీయే ఉందా అండీ? ముందు దీన్ని పట్టుకోమనండి" అంటూ ఆమె పిల్లను అతనికి అందించింది.

పది టన్నులు తోలేవాడు ఆరు కేజీల పిల్లను అందుకోవడానికి జంకాడు. ఒక చెయ్యి నడుము కింద పెట్టి, రెండోది పురిటి బిడ్డకు పెట్టినట్టు మెడ కింద పెట్టాడు.

"దాని మెడ నిలిచి మూడు నెలలైంది" అందామె. "నువ్వు చూళ్ళేదుగా."