కిందటేటి కొమ్మ

పదిహేడో రేకుబిళ్ళ చదివి, ఎదురుగా ఉన్న మొక్కను చూసి, తోటమాలి ముళ్ళక్క పెదవి విరిచింది. ఇదీ తప్పే. పార్కు కంచెకు రంగు వేసినవాడు గులాబీల పేర్లున్న బిళ్ళలకూ వేద్దామని అన్నీ విప్పాడు. ఆరాక చేతికందినదాన్ని చేతికందిన మొక్కకు తగిలించి పోయాడు. రేపు కత్తిరింపు. వచ్చేవాళ్ళు కొత్తవాళ్ళు, బిళ్ళ చూసి కోస్తారు. గుర్తు పడదామంటే మొక్కల మీద ఒక్క పువ్వు లేదు.

ఆమెకు పువ్వు అక్కర్లేదు. కాడకొక్క పువ్వు పూసే హైబ్రిడ్ టీ కొమ్మ బొటనవేలంత లావు. గుత్తులుగా పూసే ఫ్లోరిబండ ఇంటి నిండా పిల్లలున్న తల్లిలా పొట్టిగా, గుబురుగా ఉంటుంది. చిట్టి గులాబీ ఆకు చిటికెనవేలి గోరంతే. ముప్పై రెండేళ్ళుగా ముళ్ళు గీరుకుని ఆమె ముంజేతులు రూళ్ళ కాగితాల్లా అయ్యాయి. చదువబ్బిందీ ఇక్కడే. రెండో తరగతి చదివే కూతురు బడి వదలగానే వచ్చి, ఈ బిళ్ళల మీదే అమ్మకు అక్షరాలు నేర్పింది. ఆమె మొదట కూడబలుక్కుని చదివిన మాట ‘ఫ్లోరిబండ’. ఇప్పుడా కూతురు బస్సు నడుపుతోంది. చేతుల మీద ఒక్క గీత లేదు. ఆ నున్నటి చేతులు చూస్తే చాలు, తల్లికి కడుపు నిండిపోతుంది.

మధ్యాహ్నానికి రెండు బిళ్ళలు మిగిలాయి. గోడ దగ్గర రెండు తీగ గులాబీలు. ఒకటి ఏడాది పొడుగునా పూస్తుంది, ఎంత కోసినా చిగురిస్తుంది. రెండోది ఏడాదికొక్కసారే, అదీ కిందటేడు పెరిగిన కొమ్మ మీదే పూస్తుంది.

నెల క్రితమే వచ్చిన సూపర్‌వైజరు గడియారం చూసుకున్నాడు.

“రెండూ ఒకేలా ఉన్నాయి కదా ముళ్ళక్కా. ఏదో ఒకటి కట్టెయ్.”

“ఏదో ఒకటా? బడి నుంచి మీ పిల్లాణ్ణి తెచ్చుకునేప్పుడు కూడా ఎవరో ఒకణ్ణి తెచ్చుకుంటారా సార్?”

అతను నవ్వాడు. “తప్పు కడితే ఏమవుతుంది?”

“పాత కొమ్మలన్నీ కోసేస్తారు, ఏడాదంతా ఇది బోడిగోడే. నేను తప్పు కడితే నా పేరు మార్చెయ్యండి.”

“నీ అసలు పేరు తెలిస్తే కదా మార్చడానికి!”

ఆమె కూడా నవ్వింది. కుడిచేతి తొడుగు తీసి ఒక ముల్లుకు తగిలించి, కళ్ళు మూసుకుంది. మొదటి కొమ్మ బిర్రుగా నిలబడింది. రెండోది తాడులా వంగింది. దాని కొక్కెం ముళ్ళు వేలిని పట్టి వదల్లేదు.

“ఏడాదికొక్కసారి పూసేది ఇదే,” అని రెంటికీ బిళ్ళలు కట్టింది. “కాస్త కూర్చుంటాను సార్.”

అతను టీ తెచ్చేసరికి గోడకానుకుని, ఆ తీగనే చూస్తోంది. రెండుసార్లు పిలిచాడు. ఆమె రెప్ప వాలలేదు. మూడోసారి పిలవలేదు.

మర్నాడు కోతవాళ్ళు బిళ్ళ చదివి ఆ తీగను ముట్టుకోలేదు. ఎండలు ముదిరే వేళకు గోడ కనబడకుండా పూసింది. డ్యూటీ బట్టలతోనే వచ్చిన కూతురికి సూపర్‌వైజరు దారి చూపించాడు.

“నలభై రెండు బిళ్ళలమ్మా. ఒక్కటీ తప్పు పోలేదు.”

కూతురు తలెత్తి చూసింది. పూల మధ్య, ఎవరూ తియ్యని ఆ తొడుగు, వేళ్ళు కొంచెం వంగి, ముల్లుకే వేలాడుతోంది.