బెంచి మీద పదకొండు రోజులు

విఠల్‌ని బెంచి మీద కూర్చోబెట్టాడు ఈశ్వరప్రసాద్. పని లేని ప్రోగ్రామర్‌ని ‘బెంచి మీద ఉన్నాడు’ అనడం మనుషుల్ని కంపెనీలకి అద్దెకిచ్చే కాంట్రాక్టర్ల భాష. ఈ పెద్దమనిషి మాత్రం నిజం బెంచీయే చేయించి, సిడ్నీ శివారు టూంగాబీలోని ఆఫీసులో అందరి కళ్లెదుటా వేయించాడు. విఠల్ చేసిన నేరం, వేరే కంపెనీలో ఉద్యోగం చూసుకోవడం. పాస్‌పోర్టు అడిగితే, “అగ్రిమెంట్ చదవలేదా తమ్ముడూ? నేను వదిలితేనే నువ్వెళ్లేది,” అన్నాడు. పదిమంది పాస్‌పోర్టులూ ఆయన సొరుగులోనే ఉన్నాయి.

మిగతా తొమ్మిదిమందీ తల దించుకుని పని చేశారు. కౌసర్ కూడా దించుకుంది. ఆ సిగ్గుకి ఆమెకి అన్నం సహించలేదు.

అది 1999. ఆటల రికార్డులు అమ్ముకునే సిడ్నీ కంపెనీ ఒకటి సంవత్సరాలని రెండంకెల్లోనే రాసుకుంది; 2000 వచ్చేలోగా వాటిని సరిచేయాలి. కౌసర్ వాటాకి అమెరికా బేస్‌బాల్ వచ్చింది. 90 అంటే 1890 అని కంప్యూటర్‌కి నేర్పాలి. ఆ 1890 లెక్క మాత్రం కుదరలేదు. పేరున్న ఆటగాళ్లు చాలామంది పాత జట్లలోంచి ఒక్కసారే మాయమయ్యారు. తప్పు తనదేనేమోనని క్లయింటు ఇచ్చిన పాత పుస్తకం తిరగేసింది. యజమాని వదిలితే తప్ప ఇంకో జట్టుకి ఆడకూడదన్న షరతు మీద తిరగబడి, వాళ్లు సొంత లీగు పెట్టుకున్నారట! తన అగ్రిమెంటు గుర్తొచ్చి కౌసర్‌కి ఒళ్లు మండింది.

గురువారం భోజనాల దగ్గర అందరికీ చెప్పింది. గెలిచారా అని పక్క కుర్చీ కాత్యాయని అడిగింది. లేదు, ఏడాదికే మూతపడింది, వెనకున్న షావుకార్లు అమ్ముడుపోయారు. మరి ఆ కథ మనకెందుకని కాత్యాయని టిఫిన్ డబ్బా మూసేసింది.

“మన వెనక ఎవడున్నాడే అమ్ముడుపోడానికి?” అంది కౌసర్.

విఠల్ బెంచి మీంచే అన్నాడు: “పది దినాల సంది నేనొక్కన్నే కూసున్న. మీరే లేస్తలేరు.”



శుక్రవారం పని అప్పగించాలి. క్లయింటు తెల్లాయన వచ్చేసరికి కుర్చీలన్నీ ఖాళీ. బెంచి మీద పట్టినంతమంది, మిగతావాళ్లు దాని చుట్టూ నేల మీద. ఈశ్వరప్రసాద్ పరుగున వచ్చాడు. వీసాలు రద్దు చేయిస్తానన్నాడు. బతిమాలాడు. చివరికి సొరుగు తెరిచి పది పాస్‌పోర్టులూ తెచ్చాడు. ఎవరివి వాళ్లు తీసుకున్నారు గానీ ఒక్కరూ లేవలేదు.

“ఇంకేం కావాలమ్మా?”

కౌసర్ పక్కకి జరిగి చోటు చూపించింది. “కూర్చోండి. విఠలన్న ఇక్కడ పదకొండు రోజులు ఎందుకున్నాడో మీ నోటితోనే చెప్పండి. ఇంగ్లీషులో. క్లయింటుకి అర్థం కావాలి.”

ఈశ్వరప్రసాద్ కూర్చున్నాడు. వినడానికి క్లయింటు దగ్గర్లో ఉన్న ఖాళీ కుర్చీ లాక్కున్నాడు.

“అది నా కుర్చీ,” అన్నాడు విఠల్, ఇంగ్లీషులోనే.

తెల్లాయన నిలబడే విన్నాడు.