తాత పుచ్చుకున్న పొగాకు

శనివారం వచ్చిందంటే జస్టీనా పిండి కలుపుతుంది. పెద్ద ఉండ మీద చిన్న ఉండ పెట్టి కాల్చే రొట్టెలు. కెనడాలోని సస్కాచువాన్ గోధుమ పొలాల మధ్య, మెన్నొనైట్ క్రైస్తవుల ఆ ఊళ్లో, ఆదివారం చర్చి అయ్యాక అందరూ కాఫీతో తింటారు. ఊరు మొత్తం మీద చుట్ట ముట్టించినవాడు ఒక్కడూ లేడు, అయినా ఆవిడ రొట్టెలు పొగాకు వాసన వేస్తాయి. ఆవిడ పొలంలో మిట్ట మీది గోధుమలు కదా, అంతే మరి. వెన్న కాస్త ఎక్కువ రాసుకోమని కొత్త కోడళ్లకి అత్తలు చెబుతుంటారు.

ప్రతి ఆదివారం పాటలకి ముందు, "మనం నిలబడ్డ ఈ నేల క్రీ ప్రజలది" అని కాగితం చదివేది కూడా జస్టీనాయే. శ్రద్ధగా చదువుతుంది. చదివి, కూర్చుంటుంది.

ఒకసారి అది వినడానికి రమ్మంటే ఆ క్రీ ఆదివాసులకి సర్కారు వదిలిన రిజర్వు నుంచి డెల్ఫీన్ వచ్చింది. జస్టీనా ఈడుదే, మాటలో మొహమాటం లేని మనిషి. రొట్టె తుంచి, వాసన చూసి, పళ్లెంలో పెట్టేసింది.

"ఇది మా తాత పొగాకు. మీ తాత చేతికిచ్చింది," అంది.

జస్టీనాకి ఆ కథ సగమే తెలుసు. తాత ఈ పొలానికొచ్చిన కొత్తలో ఒక క్రీ పెద్దాయన పొగాకు పొట్లం పట్టుకొచ్చి ఏదో అడిగాడట. తాతకి ఆ భాష రాదు. పొగాకేమో వాళ్ల మతంలో పాపం. అయినా గడపలోకొచ్చిన మనిషిని చిన్నబుచ్చలేక రెండు చేతులా పుచ్చుకున్నాడు. పొయ్యిలో వేస్తే పొగ తాగినట్టవుతుందని, తీసుకెళ్లి మిట్ట మీద పాతిపెట్టాడు. ఎంత మర్యాదస్తుడో అని ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు.

మిగతా సగం డెల్ఫీన్ చెప్పింది. ఆ మిట్ట మీద వాళ్ల పిల్లల సమాధులున్నాయి, దున్నొద్దని ఆయన అడిగాడు. పొగాకు పుచ్చుకుంటే మాటిచ్చినట్టే. కుదరదనుకుంటే ముట్టుకోకూడదు. తాత పుచ్చుకున్నాడు, ఆ వసంతంలోనే దున్నేశాడు.

"నన్నూ అక్కడే పెట్టాలి జస్టీనా, మావాళ్ల పక్కన. ఆ మిట్ట మాకిచ్చెయ్."

జస్టీనా భోరున ఏడ్చింది. ఇస్తానని మాత్రం అనలేదు. చర్చిలో కమిటీ వేద్దాం, ప్రార్థన చేసి నిర్ణయిద్దాం అంది.

"మీ తాత ఒక్క నిమిషంలో పుచ్చుకున్నాడే," అని నవ్వేసి వెళ్లిపోయింది డెల్ఫీన్.

కమిటీ రెండేళ్లు కూర్చుంది. క్షమాపణ ఉత్తరం ఐదుసార్లు దిద్దారు, చక్కగా కుదిరింది. ఈలోగా డెల్ఫీన్ మంచం పట్టిందని తెలిసింది. వట్టి చేతులతో ఏ మొహం పెట్టుకుని వెళ్లను, వచ్చే సమావేశంలో తేలాక వెళ్తానులే అనుకుంది జస్టీనా.

జూలైలో డెల్ఫీన్ కూతురు లోరైన్ వచ్చి గుమ్మంలో నిలబడింది. ఎర్ర గుడ్డలో కట్టిన పొగాకు ముందుకి చాచింది.

"అమ్మ పొద్దున్న పోయింది ఆంటీ. మిట్ట అడగమంది."

"నా మీద కోపంగా ఉందా?"

"లేదు. వాకిట్లో ఎవరి కారు ఆగినా, జస్టీనాయేనా చూడు అనేది."

డెబ్బై ఆరేళ్లొచ్చినా జస్టీనా పొగాకు ముట్టి ఎరగదు. పుచ్చుకుంటే ఏమవుతుందో ఇప్పుడు తెలుసు. కమిటీని అడగలేదు. రెండు చేతులూ చాచి పుచ్చుకుంది.

పచ్చని పైరు కోసి మిట్ట మీద గొయ్యి తవ్వారు. ఆ వారమే మిట్ట మొత్తం రిజర్వుకి రాసిచ్చేసింది.

శనివారం, డబ్బాలో మిగిలిన నిరుటి మిట్ట పిండి కలిపింది. మర్నాడు చర్చిలో కాగితం ఇంకెవరినైనా చదవమంది. రొట్టెలు ఈసారి ఎంత బాగున్నాయో అని అందరూ రెండేసి తిన్నారు. జస్టీనా ఒకటి తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది. ఉత్త రొట్టె వాసన.

ఇప్పుడైతే డెల్ఫీన్ తినేది.