వెనక విండో రంగులు

అత్తయ్యగారి గులాబీపూల కప్పులు కడుగుతుంటే నాకు నవ్వొచ్చింది. ఆరే ఉన్నాయవి. ముందుగదిలో ఎవరు కూర్చుంటే వాళ్లకి ఆ కప్పులు. వంటింట్లో నిలబడి తాగేవాళ్లకి, అంటే అత్తయ్యగారికీ నాకూ, ఆ పూటకి ఏ గ్లాసు ఖాళీగా ఉంటే అది. పెళ్లయి ఇంకా మూడు నెలలు నిండలేదు కాబట్టి ఇదంతా నాకు ముచ్చటగానే ఉంది. నవ్వొచ్చింది అందుకు కాదు. నేను రాస్తున్న ప్రోగ్రాంలోనూ అచ్చం ఇదే పద్ధతని తట్టి.

మా ఆయన శాంతికుమార్ గారికి దేవీచౌక్ దగ్గర చిన్న కంప్యూటర్ సెంటరుంది. పెళ్లిచూపుల్లో ఆయన నన్నడిగిన మొదటి ప్రశ్న, "మీకు ప్రోగ్రాములు రాయడం వచ్చా?" అని. "వచ్చండి, బహుశా మీకంటే బాగానే" అనేశాను. మా అమ్మ నా మోచెయ్యి గిల్లింది. ఆయన మాత్రం చేతిలో కాఫీ ఒలికేలా నవ్వారు. నేను ఒప్పుకున్నది ఆ నవ్వుకే.

తాడితోటలో బట్టలకొట్టు అచ్చిబాబుగారు ఒక ప్రోగ్రాం చేసిపెట్టమన్నారు. తెరమీద ఒక విండోలో చీర, పక్క విండోలో జాకెట్టు గుడ్డ. ఏ చీరకి ఏ జాకెట్టు నప్పుతుందో తానులన్నీ కిందికి దించకుండా చూపించాలి. వినగానే నాకు గంతులెయ్యాలనిపించింది. చీరలూ కంప్యూటరూ ఒకే పనిలో దొరకడమంటే మాటలా! చిక్కల్లా కొట్లో ఉన్న పాత కంప్యూటరుతోనే. అది ఒక్కసారికి రెండువందల యాభైఆరు రంగులే చూపించగలదు. చీర బొమ్మకి కావలసిన రంగులు ఒక పాలెట్టు, జాకెట్టు బొమ్మకి ఇంకో పాలెట్టు. ఏ విండో ముందుకొస్తే తెర దాని రంగులు పరుస్తుంది. వెనకున్నది మిగిలినవాటిలో తనకి దగ్గరగా ఉన్నవేవో ఏరుకోవాలి. అలా ఏరుకోమని మనం రాయకపోతే ఉల్లిపొర రంగు చీర కాస్తా పాచిరంగుకి తిరిగిపోతుంది.

"రంగులే కదోయ్, అవే సర్దుకుంటాయి" అన్నారు మా ఆయన. అవి సర్దుకోలేదు. వంటయ్యాక, గిన్నెలయ్యాక, అత్తయ్యగారు కునుకు తీసే వేళకి మా గదిలో కంప్యూటరు ముందు కూర్చునేదాన్ని. దాన్ని కూడా తక్కువ రంగులకి మార్చి పెట్టుకుని కుస్తీ పట్టేదాన్ని. తెర రంగులు మారగానే 'రంగులు మారాయి' అని విండోలన్నిటికీ కబురెళ్తుంది. తమాషా ఏమిటంటే, మార్చిన విండోకి కూడా వెళ్తుంది. అది విని అది మళ్లీ తన రంగులు పరిస్తే, మళ్లీ కబురు, మళ్లీ పరవడం. ఇక దానికి అంతుండదు. అందుకే 'ఈ మార్పు నేను చేసిందేనా? అయితే ఊరుకుంటాను' అని విండోచేత అనిపించే రెండు వరసలు రాశాను. చీర చీరలాగే ఉంది, జాకెట్టు జాకెట్టులాగే ఉంది! సాయంత్రం చూపిస్తే ఆయన నన్నెత్తి గిర్రున తిప్పేశారు. బయటినుంచి అత్తయ్యగారు దగ్గి, "ఏంట్రా ఆ గోల?" అన్నారు. "రంగులు నిలబడ్డాయే అమ్మా!" అని ఈయన కేక.

ఆదివారం గుడిలో ఆరాధనయ్యి మేం వచ్చేసరికి అచ్చిబాబుగారు ఇంటికే వచ్చారు. నేను గులాబీపూల కప్పుల్లో కాఫీ తెచ్చిపెట్టాను. "అమ్మాయిగారు కూడా కంప్యూటర్ చదివారట కదండీ?" అన్నారాయన. "చదివిందండి. నాకు కాస్త హెల్ప్ చేస్తూంటుంది" అన్నారు మా ఆయన.

కాస్త. వంటింట్లోకి వెళ్లి నా గ్లాసులో కాఫీ తాగాను. కోపం కాదు. అన్నంలో చిన్న ఊక గొంతుకి అడ్డం పడినట్టు, ఎన్ని నీళ్లు తాగినా అక్కడే. తర్వాత అడిగితే, "బిజినెస్ మాటలోయ్, వాళ్లకి అలాగే చెప్పాలి" అన్నారు, నా జడలో పూలు సర్దుతూ. ఆ సర్దడం ఎంతో బాగుంది. మాటే బాగోలేదు.

ప్రోగ్రాం కొట్లో పెట్టే రోజున నేనూ వస్తానన్నాను. "ఎండలో నువ్వెందుకు? ఇలా పెట్టేసి అలా వచ్చేస్తాను" అన్నారు. అత్తయ్యగారు, "ఇవాళ మన ఇంట్లో స్త్రీల సమాజం ప్రార్థన కదే అమ్మాయ్, గారెలెవరు వేస్తారు?" అన్నారు. సరేనని పిండి రుబ్బుతూండగా ఫోన్ మోగింది.

"వినీలా, తెరంతా టపటపా కొట్టుకుంటోంది. ఆగట్లేదు. కొట్లో అందరూ చూస్తున్నారు."

"నా రెండు వరసలు తీసేశారా?"

"అనవసరం అనిపించిందోయ్. తీసేసినా ఇంట్లో బాగానే నడిచిందిగా."

ఇంట్లో నడుస్తుంది. బొమ్మలు బాగా కనపడాలని మా కంప్యూటరుని మళ్లీ వేలవేల రంగులకి మార్చింది ఆయనే. అన్ని రంగులున్నచోట ఎవరి రంగులూ ఎవరూ లాక్కోరు, ఏ కబురూ వెళ్లదు. నా వరసలకి అక్కడ పనేలేదు.

"ఏం రాయాలో చెప్పు. టైపు చేసేస్తాను."

రెండే వరసలు. నోటిదాకా వచ్చేశాయి. చెప్పేస్తే అచ్చిబాబుగారు ఆయన్ని మెచ్చుకుంటారు, నేను గారెలు వేస్తాను, ఆ 'కాస్త' మాత్రం అలాగే ఉండిపోతుంది, ఈ ప్రోగ్రాంకీ తర్వాతి ప్రోగ్రాంకీ.

"చెప్పనండీ" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "నేనే వచ్చి రాస్తాను. తెర కట్టేసి ఉంచండి, రిక్షా ఎక్కుతున్నాను."

వెనక్కి తిరిగితే గుమ్మంలో అత్తయ్యగారు. "ఫోన్లో చెప్పేస్తే పోయేదానికి తాడితోటదాకా ఎందుకే?"

"చెప్తే అది ఆయన చేసినట్టవుతుందండీ అత్తయ్యగారూ."

ఆవిడ నన్ను అలాగే చూశారు. ముప్పై ఏళ్లు మిషన్ స్కూల్లో పాఠాలు చెప్పిన చూపు. తిడతారనుకున్నాను.

"గుడిలో క్రిస్మస్ నాటకాలు ఏటా నేనే రాసేదాన్ని" అన్నారు. "మీ మామయ్యగారు రాశారని చదివేవారు మైకులో. దండ కూడా ఆయనకే." రోలు దగ్గర కూర్చుని పొత్రం అందుకున్నారు. "వెళ్లు. చెవికి పిండంటింది, తుడుచుకుని వెళ్లు."

కొట్లో కొత్తబట్టల వాసన గుప్పుమంది. ఎంత బాగుందో! గుమాస్తాలు, బేరానికొచ్చిన ఆడవాళ్లు, మధ్యలో చెమటలు కక్కుతూ మా ఆయన. "కాస్త లేస్తారా" అని కుర్చీలో కూర్చున్నాను.

"ఇది అమ్మాయిగారు రాసిందాండి అయితే?" అన్నారు అచ్చిబాబుగారు.

మా ఆయన నావైపు చూశారు. 'అబ్బే, నేను కాస్త హెల్పండీ' అని నేనంటే ఆ నిమిషం గడిచిపోతుంది. అలాంటి మాటలు మా ఆడవాళ్లకి ఎవరూ నేర్పక్కర్లేదు. నేను తెరవైపే చూస్తూ టైపు చేస్తున్నాను.

"ఆవిడే రాసిందండి" అన్నారు చివరికి. చెవులు ఎర్రబడ్డాయి. "నేను చెడగొట్టాను."

ఎంత ముద్దొచ్చారో ఆ క్షణంలో! అందరూ ఉన్నారు కాబట్టి ఊరుకున్నాను.

తెర కుదురుకుంది. ఉల్లిపొర రంగు చీర, పక్కన వంకాయరంగు జాకెట్టు. రెండూ మెరుస్తున్నాయి. నా వెనకనుంచి ఒకావిడ వంగి చూసి, "ఆ వంకాయది తీసెయ్యమ్మా, నప్పలేదు. నెమలికంఠం రంగేదీ, చూపించు" అంది. అచ్చిబాబుగారు పగలబడి నవ్వి, "అమ్మాయిగారికి కూల్‌డ్రింక్ తెప్పించండ్రా" అన్నారు.

స్కూటరు మీద తిరిగొస్తుంటే మా ఆయన, "కోపమా?" అన్నారు.

"లేదండీ. మల్లెపూలు కొంటారా?"

కొన్నారు, రెండు మూరలడిగితే నాలుగు. మళ్లీ బండెక్కాక, "ఆ రెండింటిపైన ఇంకో వరస కూడా ఏదో కొట్టావేంటి?" అన్నారు.

"అది కంప్యూటరు చదవదు లెండి. మీరు చదవడానికి."

ఇంటికొచ్చాక ఫ్లాపీ పెట్టి చూసుకున్నారు. ఇంగ్లీషక్షరాలతో తెలుగు కాబట్టి కూడబలుక్కుంటూ, పైకే చదివారు.

"ఈ రెండు వరసలు తీసెయ్యాలనిపిస్తే ముందు వినీలని అడగాలి."