మొగిలయ్య కుడివైపు

మా నాచారం నర్సింగ్‌హోమ్‌కి సర్జరీ చెక్‌లిస్టు వచ్చి ఏడాదైంది. ఆపరేషన్ ముందు రోగిని అడిగి, అందరూ వింటుండగా ఒక్కో గడిలో టిక్కు పెట్టాలి. మావాళ్లు వార్డులోనే టీ తాగుతూ గడులన్నీ నింపేసి పంపుతారు. థియేటర్ సిస్టర్‌ని నేను. ఇలా అయితే ఇదెందుకని అడిగి అడిగి నా నోరు నొప్పెట్టింది.

"తనిఖీకి కాగితం ఉంటే చాలు ఉదయశ్రీ" అంటారు మా సర్జన్ జనార్ధనరావు గారు. చెయ్యి మంచిదే. ఓపికే లేదు.

ఆ రోజు హెర్నియా కేసులు రెండు. మొదటిది ఎడమవైపు, అయిపోయింది. రెండో మనిషి మొగిలయ్య, ఉప్పల్‌లో ఫ్యాక్టరీ కూలీ. కేస్ షీట్‌లో కుడివైపు అని ఉంది. పడుకుంటే గడ్డ లోపలికి పోతుంది, పైకి తెలియదు. ఏ వైపో ఒంటి మీద పెన్నుతో గుర్తు పెట్టమని చెప్పినా ఎవరూ పెట్టలేదు.

సర్జన్ గారికి ఏఎస్ రావు నగర్‌లో ఇంకో ఆపరేషన్ ఉంది. మెట్రో తవ్వకాలతో రోడ్లన్నీ జామ్. షీట్ తెరవకుండానే గ్లవ్స్ తొడుక్కున్నారు.

"ఎడమవైపే కదా మొగిలయ్యా?"

"అవు సార్."

నాకు ఒళ్లు మండిపోయింది. జవాబు కూడా ఆయనే చెప్పి అడిగితే పాపం అతను ఏమంటాడు?

"ఒక్క నిమిషం సార్" అని మొగిలయ్య దగ్గరికి వెళ్లాను. "గడ్డ ఎక్కడొస్తుందో చెయ్యి పెట్టి చూపించండి."

అతను ముందు సర్జన్ గారి ముఖం చూశాడు. తర్వాత మెల్లగా కుడి గజ్జ మీద చెయ్యి పెట్టాడు.

"మరి ఎడమంటే అవునన్నావేంటయ్యా?" అన్నారు సర్జన్ గారు.

"మీరన్నరు గద సార్. పెద్దసారు చెప్పినంక నేనెట్ల కాదంట?"

కుడివైపే చేశారు, బాగా చేశారు. రేపటి నుంచి రోగినే చూపించమందాం అంటారేమోనని ఎదురుచూశాను. నాదే బుద్ధి తక్కువ. "లేటైపోయింది" అని గొణుక్కుంటూ కారెక్కారు.

సాయంత్రం వార్డుకెళ్తే మొగిలయ్య నన్ను దగ్గరికి పిలిచాడు.

"సారుకు కోపమొచ్చిందా సిస్టరమ్మా? నావల్లనే లేటయింది. మల్లెప్పుడన్న వస్తే సారు ఏదంటె గదే అంట. జర సారుకు చెప్పు."